దిగే ముందు బోర్డు చూసుకో

మా నాన్న రైల్వేలో చేసేవారు. సెలవులకి రాత్రి బండెక్కించినప్పుడల్లా మా అక్కకీ నాకూ ఒకటే జాగ్రత్త చెప్పేవారు. "నిద్రకళ్లతో దిగెయ్యకండమ్మా. బండి ఆగగానే కిటికీలోంచి పసుపుపచ్చ బోర్డు చూడండి. ఊరిపేరు చదువుకున్నాకే మెట్టు మీద కాలు పెట్టండి." రాత్రిపూట స్టేషన్లన్నీ ఒకలాగే ఉంటాయి. అదే సిమెంటు బల్ల, అదే ట్యూబులైటు, అదే టీ కేక. ఇది మన ఊరో కాదో చెప్పేది ఆ బోర్డొక్కటే.

సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక నెలాఖరు రాత్రి, నేను బోర్డు చూడకుండానే దిగిపోయాను. హైదరాబాదులో నైట్ షిఫ్టు. తెరమీద రెండు నల్ల కిటికీలు పక్కపక్కన తెరిచి ఉన్నాయి. ఎడమది పరీక్షల కోసం పెట్టుకున్న సర్వరు. దాన్ని ఏం చేసినా ఎవరికీ నష్టం లేదు. కుడిది కొన్ని వేలమంది జీతాల లెక్కలు నడుస్తున్న అసలు సర్వరు. పేర్లలో తేడా ఒక్క అక్షరం: అది 'టీడీబీ01', ఇది 'పీడీబీ01'. రెండింటిలోనూ నలుపు మీద తెల్లక్షరాలు, ఒకే సైజు, ఒకే వరస. పరీక్ష సర్వరును ఆపి మళ్లీ లేపాలి. ఆ కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాను. కనెక్షన్ తెగిపోయిందన్న లైను వచ్చింది. అలా రావడం మామూలే. కానీ అది కుడిపక్క కిటికీలో వచ్చింది. నా వేలు ఇంకా ఎంటర్ మీదే ఉంది.

సర్వరు లేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో తెగిపోయిన లెక్కలు సరిచేసేసరికి తెల్లవారుజాము నాలుగున్నర అయింది. జీతాలు మర్నాడు మధ్యాహ్నానికి గాని పడలేదు. మా టీమ్ లీడ్ గారు నిద్రలేచి ఇంటినుంచి వచ్చారు. నన్ను ఒక్క మాటా అనలేదు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, అసలు సర్వరులో ఒక ఫైలు తెరిచి, ఒక్క లైను రాసి, "ఇంక పర్లేదమ్మా, వెళ్లి టీ తాగి రా" అన్నారు. ఆ రోజునుంచి ఆ సర్వరులోకి ఎవరు అడుగుపెట్టినా ప్రతి లైను మొదట్లోనూ ఎర్రపట్టీ మీద తెల్లక్షరాలతో దాని పేరు కనపడేది. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ గదిలో మళ్లీ ఎవరి చేతా ఆ పొరపాటు జరగలేదు.

ఆయన రాసిన ఆ ఒక్క లైను గురించే ఈ వ్యాసం.

తెరమీద వేలితో తోస్తే పని జరిగిపోయే ఈ రోజుల్లో కూడా కంప్యూటర్ని మాటలతో నడిపే పాత పద్ధతి ఒకటి బతికే ఉంది. సర్వర్లు చూసుకునేవాళ్లలో చాలామంది రోజంతా వాడేది దాన్నే. టెర్మినల్ అనే కిటికీ తెరిచి ఒక మాట రాసి ఎంటర్ కొడతాం. కంప్యూటర్ ఆ పని చేసి, జవాబు కింద రాసి, మళ్లీ మన మాట కోసం ఎదురుచూస్తుంది. అలా మన మాట విని లోపలికి చేరవేసే ప్రోగ్రాము పేరు షెల్, అంటే చిప్ప. కొబ్బరికాయలో కొబ్బరిలా లోపల ఉండేది కెర్నల్, దాని చుట్టూ ఉండేది షెల్. 1960లలో మల్టిక్స్ అనే పెద్ద కంప్యూటర్ వ్యవస్థకి రూపకల్పన జరుగుతున్నప్పుడు లూయీ పూజాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ మాటని వాడుకలోకి తెచ్చారు.

"ఇక నీ వంతు, చెప్పు" అని షెల్ ప్రతిసారీ చూపించే గుర్తుని ప్రాంప్ట్ అంటారు. పరిషత్తు నాటకాల్లో సైడుకర్టెన్ వెనక పుస్తకం పట్టుకుని మాట అందించే ప్రాంప్టర్ ఉంటాడే, అదే మాట ఇది. మొదట్లో ఆ గుర్తు ఒకే ఒక్క అక్షరం. కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే వ్యవస్థ కోసం రాసిన షెల్ శాతం గుర్తు చూపించేది. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాయగా 1979లో విడుదలైన షెల్ డాలరు గుర్తు చూపించింది. ఆ $ గుర్తే ఇవాళ్టికీ లినక్స్ అనే వ్యవస్థ వాడేవాళ్లకి గడప లాంటిది. సర్వాధికారాలూ ఉన్న రూట్ అనే పేరుతో లోపలికి వస్తే మాత్రం $ బదులు # కనపడుతుంది. అది కనపడిందంటే చేతిలో కత్తి ఉందని లెక్క. ఏం చెప్పినా ఎదురడగకుండా చేసేస్తుంది.

నాకు మొదట పరిచయమైన ప్రాంప్ట్ ఇవేవీ కావు. ఇంటర్ సెలవుల్లో మా ఊళ్లో కంప్యూటర్ సెంటరులో చేరాను. చెప్పులు బయట విడిచి, తెర తప్పించుకుని ఏసీ గదిలోకి వెళ్లాలి. నలుపు మీద బూడిదరంగులో 'సీ', పక్కన రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత, ఒక బాణం మొన. డాస్ ప్రాంప్ట్ అది. 'సీ' అంటే హార్డ్‌డిస్కు, ఆ తరవాత మనం ఉన్న ఫోల్డరు. గంటకి ఇంతని డబ్బు కట్టి నేర్చుకుంటున్న రోజులవి. ఆ లైనులో మొదటి అక్షరాన్ని చూసి ఫ్లాపీలో ఉన్నానా, హార్డ్‌డిస్కులో ఉన్నానా తెలుసుకోవడం మా సారు నేర్పిన మొదటి పాఠం. ఎక్కడున్నావో తెలుసుకున్నాకే ఏదైనా చెయ్యి. నాన్న చెప్పిందీ అదే.

ఇప్పుడు వాడుకలో ఉన్న షెల్‌లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి బ్యాష్. 1989లో బ్రయన్ ఫాక్స్ గ్నూ ప్రాజెక్టు కోసం రాశారు. రెండోది జీషెల్. 1990లో ప్రిన్స్‌టన్‌లో చదువుకుంటున్న పాల్ ఫాల్‌స్టాడ్ రాశారు. అక్కడి ఒక టీచింగ్ అసిస్టెంట్ లాగిన్ పేరు చూసి, షెల్‌కి భలే నప్పుతుందని ఆ పేరే పెట్టేశారు. 2019నుంచి ఆపిల్ కంప్యూటర్లలో టెర్మినల్ తెరిస్తే మొదట వచ్చేది ఇదే.

బ్యాష్‌కి మనం ఏమీ చెప్పకపోతే అది చూపించే ప్రాంప్ట్‌లో ఏముంటుందో తెలుసా? తన పేరు, తన వెర్షన్ నంబరు, ఒక డాలరు గుర్తు. అంతే. నువ్వు ఏ మెషీన్లో ఉన్నావు, ఏ ఫోల్డర్లో ఉన్నావు, ఎవరి పేరుతో ఉన్నావు, ఒక్కటీ చెప్పదు. స్టేషను బోర్డు మీద ఊరిపేరుకి బదులు బోర్డు తయారుచేసిన కంపెనీ పేరు రాసినట్టు. అందుకే లినక్స్ అందించేవాళ్లు ముందే దాన్ని కాస్త మార్చి ఇస్తారు, వాడేవాళ్లు తమ పనిని బట్టి ఇంకాస్త మార్చుకుంటారు.

మార్చడం కష్టం కాదు. షెల్ 'పీఎస్1' అనే పేరుతో ఒక చిన్న వాక్యం దాచుకుంటుంది. ప్రాంప్ట్ స్ట్రింగ్ అన్నమాటకి పొట్టిపేరు పీఎస్. ఆ వాక్యంలో ఏటవాలు గీత పెట్టి ఒక అక్షరం రాస్తే, షెల్ దాని స్థానంలో అసలు సంగతి నింపుతుంది. గీత పక్కన 'యు' రాస్తే మన పేరు, 'హెచ్' రాస్తే మెషీన్ పేరు, 'డబ్ల్యూ' రాస్తే ఫోల్డరు దారి, 'టి' రాస్తే టైము. డాలరు రాస్తే, మామూలు మనిషికి $, రూట్‌కి #. కీబోర్డు మీద పీఎస్‌ని పెద్దబడి ఇంగ్లిష్‌లో, గీత పక్క అక్షరాల్ని చిన్నబడి ఇంగ్లిష్‌లో కొట్టాలి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

పీఎస్1='\యు@\హెచ్:\డబ్ల్యూ\$ '

పెళ్లి శుభలేఖల్లో పేరు రాసుకోవడానికి ఖాళీ వదిలి అచ్చువేస్తారు కదా, ఇదీ అంతే. అచ్చు ఒక్కటే, ఎంటర్ నొక్కిన ప్రతిసారీ ఖాళీల్లో అప్పటి సంగతులు పడతాయి. ఈ లైను టెర్మినల్‌లో ఊరికే కొడితే ఆ కిటికీ మూసేవరకే ఉంటుంది. ఎప్పటికీ ఉండాలంటే 'బ్యాష్ ఆర్‌సీ' అనే ఫైల్లో రాసిపెట్టాలి. పేరు ముందు చుక్క ఉండటంవల్ల అది మామూలుగా కంటికి కనపడదు. మా లీడ్ గారు ఆ రాత్రి తెరిచింది ఇలాంటి ఫైలే.

ఆయన చేసింది చిన్నపని అని చాలాకాలం అనుకున్నాను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది చదివాక అది ఎంత పెద్దపనో తెలిసింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ దాచుకునే చోటు అది. వాళ్లకి రెండు డేటాబేస్ సర్వర్లు ఉన్నాయి, ఒకటి అసలుది, ఇంకోటి దానికి నకలు. పేర్లలో తేడా 1, 2 అనే అంకె. నకలు సరిగ్గా నడవడం లేదు. రాత్రి పొద్దుపోయేదాకా దాంతో తంటాలు పడుతున్న ఇంజనీరు, నకలులో డేటా తుడిచేసి మళ్లీ మొదటినుంచి కాపీ చేద్దామనుకున్నారు. తుడిచే కమాండ్ కొట్టారు. అది అసలు సర్వరులో పడింది. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపారు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర గిగాబైట్లు మాత్రం మిగిలాయి. ఆరుగంటల ముందు వేరే పని కోసం తీసిపెట్టిన కాపీ ఒకటి దొరకబట్టి బయటపడ్డారు. ఆ ఆరుగంటల్లో జనం రాసుకున్న సంగతులు డేటాబేస్‌లోంచి పోయాయి.

ఆ సంస్థ ఏదీ దాచలేదు. సర్వరు బాగుచేస్తున్నంతసేపూ యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం ఇచ్చింది, తరవాత తప్పులన్నీ వరసగా రాసి బయటపెట్టింది. నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం. ఇకముందు చెయ్యాల్సిన పనుల జాబితా కూడా ఇచ్చారు. బ్యాకప్‌ల గురించి పెద్దపెద్ద మాటలున్న ఆ జాబితాలో ఒక అంశం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి: అన్ని సర్వర్లలోనూ పీఎస్1 మార్చాలి, ఏ సర్వరు ఏదో చూడగానే తెలిసేలా. ఒక చిన్న లైను కోసం ఖండాంతరాల్లో ఎవరో నాలాగే ఆ రాత్రి గుండె పట్టుకుని కూర్చున్నారు.

ఇక రంగుల సంగతి. సినిమాలో కంప్యూటర్ మేధావిని చూపించాలంటే నల్లతెర మీద ఆకుపచ్చ అక్షరాలు పారిస్తారు. ఆ ఆకుపచ్చ వాడేవాళ్లు ఎంచుకున్నది కాదు. పాత తెరల గాజు లోపల పూసిన ఫాస్ఫర్ అనే పొడి మీద ఎలక్ట్రాన్లు పడితే వచ్చే వెలుగు అది. ఇంకో రకం పొడి పూస్తే తేనెరంగు వచ్చేది. తెరకి ఒకటే రంగు, మార్చుకోవడమన్న ప్రశ్నే లేదు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అమ్మిన వీటీ100 టెర్మినల్ కూడా ఒకే రంగుదే. కానీ అది ఒక పద్ధతిని ఊరూరా పాతుకునేలా చేసింది. అక్షరాల మధ్యలో ఎస్కేప్ అనే కనపడని అక్షరం వస్తే, దాని వెంట వచ్చేది అచ్చెయ్యాల్సింది కాదు, పాటించాల్సిన ఆజ్ఞ అని తెర అర్థం చేసుకుంటుంది. ఆ అక్షరం నంబరు 27. ఇవాళ మీ టెర్మినల్‌లో రంగు మార్చేది కూడా ఆ పద్ధతే. ఎస్కేప్, చదరపు బ్రాకెట్, ఒక అంకె, 'ఎమ్' అనే అక్షరం. 31 రాస్తే ఎరుపు, 32 రాస్తే ఆకుపచ్చ, 0 రాస్తే మళ్లీ మామూలు. సున్నా రాయడం మర్చిపోతే కుళాయి కట్టనట్టే, కిందికి ఎంత రాస్తే అంతా ఎర్రగానే పారుతుంది.

ఈ అంకెల్లో ఒక అందం ఉంది. మూడు బల్బులు ఊహించుకోండి. ఎర్రబల్బు విలువ 1, ఆకుపచ్చది 2, నీలంది 4. ఏవీ వెలగకపోతే 0, నలుపు. ఎరుపూ ఆకుపచ్చా వెలిగితే 1, 2 కలిపి 3, కాంతిలో ఆ రెండూ కలిస్తే పసుపు. ఎరుపూ నీలమూ కలిస్తే 5, ముదురు గులాబి. ఆకుపచ్చా నీలమూ కలిస్తే 6, నెమలికంఠం పక్కకి వచ్చే నీలం. మూడూ వెలిగితే 7, తెలుపు. దీనికి ముందు 3 పెడితే అక్షరం రంగు, 4 పెడితే వెనకాల రంగు. అందుకే 41 అంటే ఎర్రపట్టీ, 37 అంటే తెల్లక్షరం. మా లీడ్ గారు ఆ రాత్రి రాసిన రెండంకెలూ ఇవే. ఈ లెక్క తెలిశాక నాకు పట్టిక చూడాల్సిన అవసరం రాలేదు. తరవాత 256 రంగులు వచ్చాయి, ఇప్పుడు కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు వాడుకోవచ్చు. నా ప్రాంప్ట్‌లో ఇప్పటికీ మూడే ఉన్నాయి.

కలర్ థీమ్ అంటే ఏమిటో చాలామంది పొరపడతారు. ప్రోగ్రాము "1వ నంబరు రంగు" అంటుంది, అంతే. ఆ 1వ నంబరు మిరపపండు ఎరుపా, ఇటుక ఎరుపా, దానిమ్మగింజ ఎరుపా అన్నది టెర్మినల్ చేతిలో ఉంటుంది. పెయింటు షాపులో నంబరు చెబితే వాళ్ల డబ్బాలోంచి కలిపి ఇస్తారు చూడండి, అలాగ. థీమ్ అంటే ఆ డబ్బాల వరస, మొత్తం పదహారు. డబ్బాలు మార్చితే ప్రోగ్రాముల్లో ఏమీ ముట్టుకోకుండానే తెరంతా మారిపోతుంది.

పాత డబ్బాల్లో నీలం నన్ను ఏళ్ల తరబడి ఏడిపించింది. ఫోల్డర్ల పేర్లు మామూలుగా నీలంలో కనపడతాయి. నలుపు మీద చిక్కని నీలం రాస్తే చదవడానికి కళ్లు పొడుచుకోవాలి. నా కళ్లజోడు తప్పేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. తప్పు కళ్లజోడుది కాదు. తెరమీద తెల్లటి వెలుగులో మన కంటికి తోచే ప్రకాశాన్ని వంద పాళ్లనుకుంటే అందులో ఆకుపచ్చది సుమారు 72, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. నీలం బల్బు పూర్తిగా వెలిగినా మన కంటికి అది చీకటికి దగ్గరే. ఈథన్ స్కూనోవర్ అనే డిజైనరు 2011లో విడుదల చేసిన సోలరైజ్డ్ అనే థీమ్ వేసుకున్న రోజు నాకు బాగా గుర్తు. పదహారు రంగుల్నీ కంటికి తోచే వెలుగు లెక్క ప్రకారం ఎంచారాయన. నేల నలుపు కాదు, సముద్రపు లోతులాంటి నీలం కలిసిన చీకటి. అక్షరాలు తెలుపు కాదు, బూడిద. అవే రంగుల్ని తిరగేస్తే పగలు చదువుకునే లేతనేల వస్తుంది. తెల్లవారుజామున షిఫ్టు దిగాక కణతలు లాగడం తగ్గింది. బ్రెజిల్ దేశస్థుడు జెనో రోషా 2013లో చేసిన డ్రాక్యులా థీమ్ ఇప్పటి పిల్లలకి ఇష్టం, ఊదా గులాబి రంగులతో. నాకు రాత్రి పూట అవి కాస్త గట్టిగా మాట్లాడుతున్నట్టు ఉంటాయి. ఎవరి కళ్లు వాళ్లవి.

కళ్లంటే ఇంకో సంగతి. మా టీములో ఒకాయన నా ప్రాంప్ట్ చూసి చాలా రోజులు ఏమీ అనలేదు. ఒకరోజు మెల్లగా అన్నారు, "మీ ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకలాగే కనపడతాయండీ." ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతానికి ఈ ఇబ్బంది ఉందని లెక్కలున్నాయి. మనవాళ్లలోనూ ఉన్నారు, చెప్పుకోరంతే. ఆ రోజే అసలు సర్వర్ల పట్టీలో ఎరుపుతోపాటు 'అసలు' అన్న అర్థం వచ్చే మాట కూడా ఇంగ్లిష్‌లో పెద్దక్షరాల్లో చేర్చాను. రంగు చెప్పేదాన్ని మాట కూడా చెప్పాలి.

మొన్న సంక్రాంతికి మా అక్కకొడుకు వచ్చాడు. బీటెక్ రెండో ఏడు. భోజనాలయ్యాక నా ల్యాప్‌టాప్ తెర చూసి, "ఏంటి పిన్నీ, ఇంత బోసిగా ఉంది!" అన్నాడు. తనది తెరిచి చూపించాడు. 2009లో రాబీ రస్సెల్ మొదలుపెట్టిన ఓ మై జీషెల్ వేసుకున్నాడు. వందకి పైగా ముస్తాబులు సిద్ధంగా దొరుకుతాయి అందులో. వాడి ప్రాంప్ట్‌లో బ్యాటరీ శాతం ఉంది, టైము ఉంది, రాకెట్ బొమ్మ ఉంది, కోడ్ ఏ కొమ్మ (బ్రాంచ్) మీద ఉందో చెప్పే పేరుంది, ఇంకా రంగురంగుల బాణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తెరలో సగందాకా ఉన్నాయి. చూడ్డానికి సంతోషంగానే ఉంది. పండగపూట వీధి గుమ్మంలో రంగులెందుకని ఎవరంటారు?

"ఎంటర్ కొట్టు" అన్నాను. కొట్టాడు. కొత్త లైను రావడానికి అరసెకను పైన పట్టింది. ఆ ముస్తాబంతా ప్రతిసారీ కొత్తగా లెక్కగట్టాలి కదా. పెద్ద ప్రాజెక్టు ఫోల్డర్లో ఏ ఫైలు మారిందో వెతకడానికే ఎక్కువసేపు పడుతోంది. "రోజుకి ఎన్నిసార్లు ఎంటర్ కొడతావురా?" అన్నాను. వాడు లెక్కేసుకుని ఊరుకున్నాడు.

ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తీశాం. బ్యాటరీ తెరమూల ఎలాగూ ఉంది. రాకెట్ దేన్నీ చెప్పడం లేదు. కోడ్ కొమ్మ పేరు ఉంచాం, అది లేకపోతే ఒకచోట రాయబోయి ఇంకోచోట రాస్తారు. వాడి ముస్తాబులో నాకు నిజంగా నచ్చింది ఒక చిన్న బాణం. ముందు కొట్టిన కమాండ్ సరిగ్గా జరిగితే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. ప్రతి ప్రోగ్రామూ పని ముగించి వెళ్తూ ఒక అంకె వదిలి వెళ్తుంది. బళ్లో సున్నా వస్తే ఏడుస్తాం, ఇక్కడ సున్నా వస్తేనే పాసు. ఎందుకంటే పని జరగడం ఒక్కలాగే జరుగుతుంది, చెడటానికి మాత్రం సవాలక్ష దారులు. అందుకని మిగిలిన అంకెలన్నీ చెడినవాటికి కేటాయించారు. అలాంటి కమాండే లేదంటే 127, మనమే మధ్యలో ఆపేస్తే 130. ఆ అంకెని చూడకుండా ముందుకి వెళ్లిపోవడమే నేను చూసిన పొరపాట్లలో ఎక్కువభాగం. ఆ బాణాన్ని నేనూ తీసుకున్నాను, తప్పినప్పుడు పక్కనే అంకె కూడా కనపడేలా.

అన్నీ తీశాక వాడు కాస్త దిగులుగా, "మరి నాదంటూ ఏముంటుంది పిన్నీ? శ్రీ పెట్టుకుందామా?" అన్నాడు. మా నాన్న ఇంటిఖర్చుల పుస్తకంలో ప్రతి పేజీ నెత్తిన శ్రీ చుట్టాకే పాలవాడి పద్దు రాసేవారు. వాడు చిన్నప్పుడు తాతయ్య పక్కన కూర్చుని ఆ శ్రీ మీదే పెన్సిలు దిద్దేవాడు. పెట్టి చూశాం. తెరమీద శ్రీ రాలేదు. 'శ' ఒకచోట, దాని నెత్తిన పొల్లు, పక్క గడిలో 'రీ'.

టెర్మినల్ తెర లెక్కల నోటుపుస్తకం లాంటిది, అంతా గళ్లు. వీటీ100లో అడ్డంగా 80 గళ్లు, నిలువుగా 24 వరసలు. గడికో ఇంగ్లిష్ అక్షరం. ఆ గళ్లు గీసినప్పుడు ఒత్తులూ గుణింతాలూ ఉన్న లిపి గురించి ఎవరూ ఆలోచించలేదు. శ్రీ కంప్యూటర్ లోపల నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. కాగితం మీదైతే నాలుగూ కలిసి ఒక రూపం అవుతుంది. ఇక్కడ 'శ'కి ఒక గడి, 'ర'కి ఒక గడి కేటాయించి, చాలా టెర్మినళ్లు ఆ రెంటినీ కలవనివ్వవు. రాష్ట్రాలు రెండయినా భాష ఒక్కటైన ఇంతమందిమి, ఇంతమంది ఇంజనీర్లమి, మన అక్షరం ఒక గడిలో కుదురుగా కూర్చోలేకపోవడం నాకు నిజంగా బాధ. పూనుకుంటే కాని పని కాదు. వాడు శ్రీ చెరిపేసి ఏమీ మాట్లాడకుండా ల్యాప్‌టాప్ మూశాడు.

పండగయ్యాక హాస్టలుకి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా ఒకరాత్రి పదకొండున్నరకి ఫోను. "పిన్నీ, కమాండ్ కాస్త పొడుగ్గా రాస్తే లైను కిందికి దిగడం లేదు. మళ్లీ మొదటికి వచ్చి, రాసినదాని మీదే ఎక్కేస్తోంది."

ఈ జబ్బు నాకు తెలుసు. తెర చివర ఎప్పుడు వస్తుందో, లైను ఎక్కడ మడవాలో తెలియాలంటే షెల్ ప్రాంప్ట్‌లోని అక్షరాలు లెక్కపెట్టుకోవాలి. రంగు కోసం రాసే ఎస్కేపులూ అంకెలూ తెరమీద చోటు తీసుకోవు, కానీ షెల్‌కి ఆ సంగతి తెలియదు, వాటినీ లెక్కేస్తుంది. లెక్క తప్పుతుంది. బ్యాష్‌లో అయితే ఆ కనపడని ముక్కకి ముందు \[ అనీ, వెనక \] అనీ కట్టాలి. ఈ రెంటి మధ్యలో ఉన్నదాన్ని కొలవకు అని చెప్పడం అది.

"ఏ షెల్?"

"కాలేజీ ల్యాబ్ మెషీన్. బ్యాషే."

"రంగులకి బ్రాకెట్లు కట్టావా?"

"అన్నిటికీ కట్టాను పిన్నీ. నువ్వు చెప్పినట్టే. మెషీన్ పేరు ఎర్రపట్టీలో పెట్టాను కూడా."

"మరి కొత్తగా ఏమైనా చేర్చావా?"

కాసేపు చప్పుడు లేదు. "ఒకటి చేర్చాను. చెప్పను, తరవాత చూపిస్తా."

"దానికీ ముందో బ్రాకెట్, వెనకో బ్రాకెట్ కట్టు. ఏటవాలు గీత మర్చిపోకు."

కీబోర్డు టకటకలు వినపడ్డాయి. "కుదిరింది పిన్నీ!" అని ఫోను పెట్టేశాడు.

పొద్దున్నే ఫోన్లో ఫొటో ఉంది. ఎర్రపట్టీలో ల్యాబ్ మెషీన్ పేరు, పక్కన ఫోల్డరు దారి, ఆకుపచ్చ బాణం, డాలరు. ఆ పైన, గళ్లు లేని చోట, కిటికీకి పేరు రాసే తలపట్టీలో శ్రీ ఉంది. తలపట్టీని గీసేది టెర్మినల్ గళ్లు కాదు, మామూలు తెలుగు చక్కగా చూపించగల డెస్క్‌టాప్. ఆ పేరు మార్చే ఎస్కేపు ఒకటుంది, అది వెతికి పట్టుకుని ప్రాంప్ట్‌లో పెట్టాడు. శకారం కింద రావత్తు, నెత్తిన గుడిదీర్ఘం, ఏదీ విడిపోలేదు. తాతయ్య పద్దుల పుస్తకంలో ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే, పేజీ నెత్తిన.